పశ్చాత్తాపమా, అపరాధ భావనా?

సందేహం: ఒక కౌన్సెలింగ్ కేంద్రం కోసం మనోవిశ్లేషణ వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘గిల్ట్’ వచ్చిన చోటల్లా ‘పశ్చాత్తాపం’ అని రాశాను. ‘అనంతపురంలో అమ్మ ఒంటరిగా ఉంటే నేనిక్కడ ఏసీ వేసుకున్నా తప్పు చేసినట్టు ఉంటుంది’ అన్న ఒకావిడ మాటలకు అది అతకలేదు. కన్నడ మిత్రులు ‘పాపప్రజ్ఞె’ అంటారు. అదే తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: వద్దండి. కన్నడంలో ప్రజ్ఞె అంటే స్పృహ, ఎరుక. మనకు ప్రజ్ఞ అంటే నేర్పు. ‘పాపప్రజ్ఞ’ అని రాస్తే పాపాలు చేయడంలో ఆరితేరినవాళ్లనుకుంటారు!

అతకలేదన్న మీ అనుమానం సరైనదే. పశ్చాత్ అంటే తర్వాత. పని జరిగిపోయాక కలిగే తాపం పశ్చాత్తాపం. ఏసీ వేసుకున్న ఆవిడ చేసిన తప్పేముంది? 1930లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ కూడా ఇక్కడే గీత గీశాడు. చేసిన పనికి పడే బాధ పశ్చాత్తాపం. అపరాధ భావనకు పని జరగనక్కరలేదు, కోరిక పుడితే చాలు. మనలోనే కూర్చుని తప్పొప్పులు తేల్చే పెద్దరికం, అంటే పాఠ్యపుస్తకాల్లోని ‘అధ్యహం’ (సూపర్ ఈగో), తలపునూ చేతనూ ఒకే గాటన కడుతుంది. 1916లో ఆయన ఇంకా చిత్రమైన సంగతి రాశాడు: కొందరిలో అపరాధ భావన ముందు, నేరం తర్వాత. ఎక్కడిదో తెలియని బరువుకు ఒక కారణం దొరికితే ఊరటట. ఇక్కడ ‘పశ్చాత్తాపం’ అంటే అర్థమే తలకిందులవుతుంది.

‘అపరాధం’లో అపరాధ రుసుము వాసన ఉన్న మాట నిజం. అయితే పూజ చివర ‘అపరాధ సహస్రాణి’ అని చదివేవాళ్లు ఏ ఒక్క తప్పునూ పేరుపెట్టి చెప్పరు కదా! ఏదో తెలియని తప్పుకూ ఆ మాట మనకు అలవాటే. కనుక శాస్త్ర చర్చలో ‘అపరాధ భావన’ వాడండి. ఆవిడ మాటలను మాత్రం ఉన్నవున్నట్టు వదిలేయండి.

మనోవిశ్లేషకురాలు మెలనీ క్లైన్ దారిలో నడిచిన లియోన్ గ్రిన్‌బెర్గ్ 1964లో అపరాధ భావనను రెండుగా విడదీశాడు: వేధించేది, దిగులుపరిచేది. మొదటిదానికి ‘పాపభీతి’ రాయకండి. అది మనకు సుగుణం, పాపం చేయనివ్వకుండా ఆపేది. ‘శిక్ష భయం’ అంటే సరిపోతుంది. రెండోది ‘అయినవాళ్లను నొప్పించానన్న దిగులు’. ఈ దిగులులోంచే, గాయపడిన బంధాన్ని బాగుచేయాలన్న తపన పుడుతుందని క్లైన్ అంటుంది. ఆ బాగుచేయడానికి (‘రిపరేషన్’) ‘ప్రాయశ్చిత్తం’ అని పెడితే మళ్లీ శిక్షవైపు లాగుతుంది, ‘నష్టపరిహారం’ కోర్టుకు ఈడుస్తుంది. నేనైతే ‘చక్కబెట్టుకోవడం’ అని రాస్తాను.