మొరాకో టూర్‌కి కెమెరా పట్టుకెళ్తున్న మేనకోడలికి

అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

గ్రూప్ టూర్‌లో ఫొటోలకి దొరికే టైము తక్కువ. బస్సు దిగేలోపే కెమెరా సెట్ అయి ఉండాలి, అదొక్కటీ గుర్తుపెట్టుకో.

డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలెయ్. అనుమతి లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు తీసేసుకుంటారు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో పట్టదు, యూరప్ అడాప్టర్ కొనుక్కో.

మరాకేష్ నుంచి పొద్దున్నే అట్లాస్ కొండలెక్కేటప్పుడు బస్సులో కుడివైపు కూర్చో. ఎండ ఎడమ నుంచి వస్తుంది కాబట్టి కుడి కిటికీలో లోయలు వెలుగులో కనిపిస్తాయి. షట్టర్ స్పీడు సెకనులో 1/1000 వంతు. లెన్స్‌ని అద్దానికి దగ్గరగా పెట్టు కానీ ఆనించకు, బస్సు అదురు మొత్తం ఫొటోలోకి దిగుతుంది.

ఇక ఎడారి ఊరు మెర్జూగా దగ్గరి ఇసుక దిబ్బలు. ఊరు దిబ్బలకి పడమటి అంచున ఉంది. అందుకే సాయంత్రం ఎండ నేరుగా పడి దిబ్బలు నారింజ రంగుకి తిరుగుతాయి. కానీ ఆకారం తెలియాలంటే తెల్లవారుజామునే వెళ్ళాలి. దిబ్బ మీదికెక్కి ఉత్తరానికో దక్షిణానికో చూడు. ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ, మధ్యలో కత్తితో గీసినట్టు అంచు. అడుగుల గుర్తులు పడని వైపు ఫ్రేములోకి రావాలి కాబట్టి నువ్వు నడిచే దారి ముందే చూసుకో. ఎండెక్కాక ఇసుక బాగా మెరుస్తుంది. ఆ మెరుపుకి కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ మోసపోయి ఫొటోని మసకగా, బూడిద రంగులో తీస్తుంది. ఎక్స్‌పోజర్ +0.7 నుంచి +1 వరకు పెంచు. అక్కడ లెన్స్ మార్చొద్దు, ఎంత తొందరైనా సరే. లెన్స్ మీద ఇసుక పడితే గుడ్డతో తుడవకు, గీతలు పడతాయి. ముందు రబ్బరు బ్లోయర్‌తో ఊదు. ఒంటె మీద ఉన్నప్పుడు షట్టర్ 1/500కి తగ్గనివ్వకు. రాత్రి చుక్కల కోసం నీ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కెమెరాలో 16 ఎంఎం లెన్స్, ఐఎస్‌ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) 3200, షట్టర్ 20 సెకన్లు. అంతకు మించితే చుక్కలు గీతలవుతాయి.

ఫెజ్ నగరంలో షువారా అనేచోట తోళ్ళు ఊనబెట్టి రంగులద్దే గుంటలు చూడాలంటే చుట్టూ ఉన్న తోలు దుకాణాల డాబాలు ఎక్కాలి. కొనమని అడుగుతారు. వద్దనుకుంటే ఎక్కే ముందే చెప్పి, దిగేటప్పుడు 20 దిర్హాములు (అక్కడి డబ్బు) ఇవ్వు. కంపు భరించలేనిది, చేతికిచ్చిన పుదీనా రెమ్మ ముక్కు దగ్గర పెట్టుకో. చుట్టూ మేడలు కాబట్టి పొద్దున్నే గుంటల్లోకి ఎండ దిగదు, కాస్త ఆగి వెళ్ళు. తెల్లటివి సున్నపు గుంటలు, వాటిని బట్టి ఎక్స్‌పోజర్ చూసుకో, లేకపోతే ఆ భాగం ఉత్త తెల్లకాగితమవుతుంది. గల్లీల్లో చీకటి. అపెర్చర్ ఎఫ్/2.8, షట్టర్ 1/125, ఐఎస్‌ఓ 1600 నుంచి మొదలుపెట్టు.

మనుషుల ఫొటోలు అడిగే తియ్యాలి, ముఖ్యంగా ఆడవాళ్ళవి. కెమెరా చూపించి "ముమ్‌కిన్?" (తియ్యొచ్చా?) అను. "లా" (వద్దు) అంటే కెమెరా దించెయ్, నవ్వి ముందుకెళ్ళు. దొంగచాటుగా జూమ్‌తో తీసిన ముఖంలో నీకు దక్కేదేమీ ఉండదు. మరాకేష్‌లోని పెద్ద చౌక్ జెమా ఎల్ ఫ్నాలో పాములాడించేవాళ్ళు, ఎర్ర దుస్తుల్లో నీళ్ళమ్మేవాళ్ళు ఫొటో తీస్తే డబ్బు అడుగుతారు. ఎంతో ముందే తేల్చుకో. 5, 10 దిర్హాముల నాణేలు విడిగా జేబులో ఉంచుకో. పోలీసుల్ని, సైనికుల్ని తియ్యకు.

రోజూ రాత్రి ఫొటోలు హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించు, కార్డు మాత్రం ఇంటికొచ్చేదాకా చెరపకు.

మీ మామయ్య