ఏప్రిల్‌లో ఎండిపోయే గెడ్డని నమ్ముకుని చదువా?

ప్రశ్న: రాయగడలో సామాన్ల దుకాణం నడుపుకుంటున్నాను. మా అమ్మాయి ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. కాలేజీ ప్రాజెక్టు కోసం ఒక కొండ ఊరి గెడ్డకి, అంటే కొండవాగుకి, చిన్న టర్బైను పెడితే ఎంత కరెంటు వస్తుందో లెక్క కట్టింది. అప్పటి నుంచి చిన్న జలవిద్యుత్తే చదువుతానంటోంది. ఏప్రిల్ వచ్చేసరికి ఆ గెడ్డలో పాదం మునగదు. కొండ ఊళ్ళకి లైన్లు వచ్చేశాయి, సోలార్ వచ్చేసింది. కంప్యూటర్స్ తీసుకోమంటే వినడం లేదు. ఈ చదువుకి తిండి పెట్టే ఉద్యోగం ఉందా? చేర్పిస్తే విశాఖలోనా, ఒడిశాలోనా?

జవాబు: నమస్కారమండీ. ముందు ఉద్యోగం సంగతి చెప్పేస్తాను. చిన్న జలవిద్యుత్తు ఒక్కదాన్నే నమ్ముకుని బతకడానికి సరిపడా ఉద్యోగాలు లేవు. కానీ కొండ ప్రాంతంలో నీటిని కొలవడం, నిలపడం, పంచడం తెలిసిన ఇంజినీరుకి పని దొరకని రోజు రాదని నా నమ్మకం. అందుకే అమ్మాయిని ఆపకండి. ఆ ఇష్టాన్ని కాస్త వెడల్పు చేస్తే చాలు. సివిల్ ఇంజినీరింగ్ చదివించండి. అందులో నీటి వనరుల వైపు మొగ్గమనండి.

పాదం మునగదన్నారు చూశారా, ఈ చదువంతా అక్కడే మొదలవుతుంది. అమ్మాయి ఏ నెల నీటితో లెక్క కట్టిందో అడగండి. సెకనుకి వచ్చే లీటర్లని, నీరు దిగే ఎత్తుని మీటర్లలో తీసుకుని, రెంటినీ గుణించి మళ్ళీ 9.81తో గుణిస్తే వాట్లు వస్తాయి. పైపులో రాపిడి, టర్బైను, జనరేటరు నష్టాలు పోగా చిన్న యంత్రాల్లో అందులో సగం చేతికొస్తుందనుకోవడం క్షేమం. సెప్టెంబరులో సెకనుకి 40 లీటర్లు పారే గెడ్డ 40 మీటర్ల కిందికి దిగితే దాదాపు 8 కిలోవాట్లు. అదే గెడ్డ మే నెలలో 5 లీటర్లకి పడిపోతే కిలోవాటుకి కాస్త తక్కువే. ఆ కరెంటుతో యాభై ఇళ్ళకి రెండేసి ఎల్‌ఈడీ బల్బులు వెలుగుతాయి. చోళ్ళు పిండి పట్టే మిల్లు మాత్రం తిరగదు. సెప్టెంబరు నీటిని చూసి యంత్రం కొన్న ఊరు మార్చి నుంచి చీకట్లో కూర్చుంటుంది.

ఇక్కడ తొట్టి ఎంత సాయం చేస్తుందో అమ్మాయికి చూపించండి. సెకనుకి ఒక్క లీటరే వచ్చినా రోజు మొత్తానికి 86,400 లీటర్లు. ఆ నీటిని పైన తొట్టిలో పట్టి, దీపాలు పెట్టే వేళ నుంచి 5 గంటలు వదిలితే సెకనుకి 4.8 లీటర్లు దొరుకుతాయి. ఎండాకాలపు నీటితోనే రాత్రి దీపాలు నడిపించవచ్చు. అయితే అంత పెద్ద తొట్టిని ఏటవాలు మీద కట్టాలంటే నేల గట్టిదనం తెలియాలి, వానాకాలం కొట్టుకొచ్చే ఇసుక, రాళ్ళు లోపలికి రాకుండా ముందే చిన్న గుంట కట్టాలి. నేను సివిల్ అంటున్నది ఇందుకే. ఇలాంటి పథకాల్లో నీళ్ళు మళ్ళించే కట్ట కొట్టుకుపోవడం, కాలువ పూడిపోవడం, పైపు కింద మట్టి జారడం లాంటి దెబ్బలే ఎక్కువ. ఎత్తు బాగా ఉండి నీరు తక్కువైన చోట పెల్టన్ చక్రం అనే రకం టర్బైను పెట్టాలి, ఒక మోస్తరు ఎత్తుకి క్రాస్‌ఫ్లో రకం పెట్టాలి, ఖర్చు తగ్గించుకోవాలంటే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపునే వెనక్కి తిప్పి టర్బైనుగా వాడుకోవచ్చు. ఇవన్నీ తర్వాతైనా నేర్చుకోవచ్చు.

టర్బైను నీళ్ళు తాగదు, నిజమే. కానీ నీళ్ళు మళ్ళించిన చోటికీ, మళ్ళీ గెడ్డలో కలిపే చోటికీ మధ్య ముక్క ఎండిపోతుంది. ఆ ముక్కలోనే ఊరి రేవు ఉంటే? పశువులు దిగే చోటు ఉంటే? నీరు తక్కువున్న కొండల్లో వరస మారకూడదు: తాగడానికి, పశువులకి, పొలానికి, ఆ తర్వాతే కరెంటుకి. ఈ వరస పాటిస్తూనే కరెంటు తీసే దారి ఒకటుంది, నాకు దాని మీద చాలా ఆశ. కొండ మీది ఊట నుంచి పైపులో నీరు తనంతట తానే ఊళ్ళోకి దిగే గ్రావిటీ తాగునీటి పథకాలు మీ వైపు చూసే ఉంటారు. ఎత్తు మరీ ఎక్కువైన చోట పైపు పగలకుండా మధ్యలో తొట్టి కట్టి ఆ ఒత్తిడిని ఊరికే పోగొడతారు. అక్కడ చిన్న టర్బైను పెడితే నీటికి నీరు, దీపానికి దీపం. దానికోసం కొత్తగా ఒక్క చుక్క కూడా మళ్ళించక్కర్లేదు.

సోలార్ వచ్చేసిందన్నారు. జులై నుంచి సెప్టెంబరు దాకా మీ కొండల మీద మబ్బు విడవదు, ప్యానెల్ డీలా పడుతుంది, గెడ్డ నిండుగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో గెడ్డ చిక్కిపోతుంది, ఎండ మండిపోతుంది. ఒకటి తగ్గినప్పుడు రెండోది నిలబడుతుంది కాబట్టి రెంటినీ కలిపి లెక్క వేయగల మనిషి కావాలి.

లైన్ల మాట నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కొరాపుట్ జిల్లా పుట్సిల్‌లో 1999లోనే గెడ్డ నీటితో కరెంటు తీశారు. కలహండి జిల్లా థువాముల్ రాంపూర్ కొండల్లో గ్రామ్ వికాస్ సంస్థ ఇలాంటివి కట్టించింది. 2017లో ఇంటింటికీ కరెంటు ఇచ్చే సౌభాగ్య పథకం మొదలయ్యాక లైన్లు దూరపు ఊళ్ళకీ చేరాయి. లైను చేరాక ఊరివాళ్ళు సొంత యంత్రం బాగు చేయించుకోవడం మానేస్తే అది తుప్పు పట్టడం ఖాయం. యంత్రం పాడైన రోజు ఎవరు విప్పుతారు, నెల రుసుము ఎవరు వసూలు చేస్తారు అన్నవి ముందే తేల్చని పథకం ఎక్కువ కాలం నడవదు. ఇది పుస్తకంలో దొరకదు, ఊళ్ళో కూర్చుంటేనే తెలుస్తుంది.

అందుకు మీ అమ్మాయికి ఉన్నంత అనుకూలం నగరం పిల్లలకి లేదు. తెలుగు, ఒడియా రెండూ వచ్చు కదా, ఆ కొండల్లో కోదులు మాట్లాడే కువి భాష కూడా నేర్చుకోమనండి. రాయగడ జిల్లా అంతా షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన చోటు. 2013లో నియమగిరి కొండల్లో బాక్సైట్ గనులు తవ్వాలా వద్దా అన్నది సుప్రీంకోర్టు గ్రామసభలకి వదిలితే, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ వద్దన్నాయి. ఆ కొండల్లో గెడ్డ మీద చెయ్యి వేయాలంటే ముందు ఊరివాళ్ళ మాట వినాలి, అదీ వాళ్ళ భాషలో.

ఉద్యోగాలు ఎక్కడంటారా? తాగునీటి పథకాలు, వాననీరు, మట్టి జారిపోకుండా ఆపే వాటర్‌షెడ్ పనులు, ఊటలు ఎండకుండా పై వాలులో వాననీటిని ఇంకించే పనులు. ఈ చివరిదానికి సిక్కింలో 2008లో ధారా వికాస్ అని మొదలుపెట్టారు, మన తూర్పు కనుమలకీ అదే అవసరం. పెద్ద జలవిద్యుత్తు మీ పొరుగునే ఉంది: డుడుమ జలపాతం దగ్గర 1955 నుంచి నడుస్తున్న మాచ్‌ఖండ్, బలిమెల, అప్పర్ కొలాబ్. ఒడిశా హైడ్రో పవర్ కార్పొరేషన్, ఏపీ జెన్‌కో లాంటి సంస్థల నోటిఫికేషన్లు చూస్తూ ఉండాలి. సీలేరు ఎగువన 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీటిని పైకి తోడి నిలవ చేసి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసే పథకం) తలపెట్టారు. అలాంటి వాటికీ సివిల్, ఎలక్ట్రికల్ వాళ్ళు కావాలి. కంప్యూటర్ల మీద మీకున్న నమ్మకమూ వృథా పోదు. మ్యాపులు గీసే క్యూజీఐఎస్, కాస్త పైథాన్ నేర్చుకుంటే వాన, వాలు, నీటి లెక్కలన్నీ ఇంట్లో కూర్చునే వేయగలదు.

కాలేజీ విషయంలో నా ఓటు ఒడిశాకే. అక్కడ చదివిన పిల్లకి ఆ రాష్ట్రం సీట్లలోనే బలం ఉంటుంది. ఆంధ్రలో స్థానికురాలు కాకపోతే పోటీ ఇరుకు, బంధువులున్నారని విశాఖ వైపు తొందరపడకండి. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద ఆ రాష్ట్రం నడిపే ఓజేఈఈ కౌన్సెలింగులో ఇస్తారు. బరంపురంలో పరలా మహారాజా ఇంజినీరింగ్ కాలేజీ, బుర్లాలో వీఎస్‌ఎస్‌యూటీ ప్రభుత్వానివే, ముందు వాటిని రాసుకోండి. బీటెక్ ఖర్చు భారమైతే రాయగడలోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ యూజీఎంఐటీ ఉంది. డిప్లొమా అయ్యాక బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. బీటెక్ తర్వాత ఎంటెక్ కోసం గేట్ పరీక్ష రాస్తే ఐఐటీ రూర్కీ ఉంది. చిన్న జలవిద్యుత్తు కోసమే 1982లో అక్కడ పెట్టిన కేంద్రం ఇప్పుడు హైడ్రో, రెన్యూవబుల్ ఎనర్జీ విభాగంగా నడుస్తోంది. అమ్మాయి అడుగుతున్న ప్రత్యేక చదువు అదే, దానికి సరైన వేళ అప్పుడు.

అమ్మా, ఇది నీకు. 20 లీటర్ల బకెట్టు, ఫోనులో స్టాప్‌వాచీ చాలు. గెడ్డ నీరంతా ఒక్క ధారగా పడే చోట బకెట్టు పెట్టు. 4 సెకన్లలో నిండితే సెకనుకి 5 లీటర్లు. మూడుసార్లు కొలిచి సగటు రాయి. ధార పెద్దదై బకెట్టుకి అందని నెలల్లో తిన్నగా పారే చోట వెడల్పు, లోతు కొలిచి, తేలే కర్రముక్క 10 మీటర్లు ఎంతసేపట్లో పోతుందో చూడు. అడుగు నీరు నెమ్మదిగా పోతుంది కాబట్టి ఆ వేగంలో ముప్పాతిక వంతే లెక్కలోకి తీసుకో. గెడ్డ ఉరవడిగా ఉన్నప్పుడు ఒడ్డునే ఉండి కొలువు, లోపలికి దిగకు. నెలకి రెండుసార్లైనా, ఊరివాళ్ళు ఒకరిని వెంట పెట్టుకుని వెళ్ళు. ఆ ఊరి పెద్దవాళ్ళని గెడ్డ పూర్తిగా ఎండిన సంవత్సరాలేవో అడిగి, తేదీల పక్కనే రాసుకో. పరీక్షలు, జేఈఈ మెయిన్ ఏప్రిల్ విడత అయ్యాక మే నెల కొలత మాత్రం వదిలిపెట్టకు. నీ ప్రాజెక్టు లెక్కని ఆ అంకెతో మళ్ళీ కట్టి నాకు పంపు.