జాంబీ సినిమాల్లో మంచి కథ, కళ రెండూ ఉన్నవి ఏవి?

జాంబీ సినిమాలంటే (చచ్చి లేచి మనుషుల్ని కరిచి తమలా మార్చే శవాల కథలు) రక్తం, అరుపులు, తలలు పగలగొట్టడమేనా, గుండెను తాకే కథ, చెప్పుకోదగ్గ కళ ఉన్నవి కూడా ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి. కాలేజీ రోజుల నుంచి ఈ సినిమాలు ఇష్టంగా చూస్తున్నాను కాబట్టి నాకు బాగా తెలిసిన నాలుగైదింటి గురించే చెబుతాను. కథలు చెప్పకుండా వీటి గొప్పతనం చెప్పడం కష్టం. ముగింపులు ముందే తెలియకూడదు అనుకుంటే సినిమాలు చూసొచ్చి మిగతాది చదవండి.

ఇలాంటి సినిమా చూసేటప్పుడు నేను తలుపుల మీద ఓ కన్నేసి ఉంచుతాను. బయట ఎవరో తలుపు బాదుతున్నారు. లోపలున్నవాళ్లు తీస్తారా, గడియ పెట్టేస్తారా? మామూలు సినిమాలో ఆ రెండు నిమిషాలూ టెన్షన్ పెట్టి వదిలేస్తారు. మంచి సినిమాలో ఆ రెండు నిమిషాల్లోనే మనుషులేంటో బయటపడుతుంది.

'ట్రైన్ టు బుసాన్' (2016) చూస్తే నేను చెప్పేది అర్థమవుతుంది. కొరియా దర్శకుడు యోన్ సాంగ్-హో అంతకుముందు యానిమేషన్ సినిమాలు తీసినవాడు. సోల్ నుంచి బుసాన్ వెళ్లే హైస్పీడ్ రైల్లో కథంతా. హీరో సొగ్-వూ ఫండ్ మేనేజర్, భార్యకు దూరంగా ఉంటాడు, కూతురికి టైమ్ ఇవ్వడు. కూతురి పుట్టినరోజుకి వీడియో గేమ్ కొనుక్కొచ్చి చేతిలో పెడతాడు. ఆ పాప ఏమీ అనకుండా టీవీ వైపు చూస్తుంది. అక్కడ అచ్చం అలాంటిదే ఇంకొకటి ఉంటుంది, అదీ బాలల దినోత్సవానికి ఈయన కొనిచ్చిందే. ఆ ఒక్క చూపుతో తండ్రీకూతుళ్ల మధ్య దూరమంతా చెప్పేశాడు దర్శకుడు. ఇంకా జాంబీ గొడవ మొదలే కాలేదు!

రైల్లో ఆ పాప ఒక పెద్దావిడకి సీటు ఇస్తుంది. తండ్రి పక్కకి తీసుకెళ్లి, ఇలాంటప్పుడు ఎవరి సంగతి వాళ్లే చూసుకోవాలని మందలిస్తాడు. తర్వాత అదే మాటను వేరేవాళ్లు ఇతని మీదే అమలు చేస్తారు. సొగ్-వూ, మరికొందరు ప్రాణాలకు తెగించి బోగీలు దాటుకుంటూ వస్తే, ముందు బోగీలో ఉన్నవాళ్లు తలుపు తీయరు. వీళ్లకీ వైరస్ సోకి ఉంటుందన్న భయం. ఆ ఆలస్యం వల్లే సినిమాలో మనం ఎక్కువగా ప్రేమించే మనిషి చనిపోతాడు. నటుడు మా డాంగ్-సొక్ వేసిన పాత్ర అది. గర్భిణి అయిన భార్య చూస్తుండగానే తలుపుకి అడ్డంగా నిలబడిపోతాడు.

ఈ సినిమా మా అమ్మతో కలిసి కూడా చూశాను. సబ్‌టైటిల్స్ చదవడం ఆవిడకి ఇబ్బంది, అందుకని పక్కన కూర్చుని నేనే చెబుతూ వచ్చాను. తోటివాళ్లని వెళ్లగొట్టిన ఆ బోగీలో ఒక ముసలావిడ ఉంటుంది. అద్దం అవతల జాంబీగా మారిన తన అక్కచెల్లెలు కనిపిస్తుంది. ఈ స్వార్థపరుల వైపు ఒకసారి చూసి, లేచి వెళ్లి తలుపు తీసేస్తుంది. అక్కడ నేను చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. "మంచిపని చేసింది" అని అమ్మే గట్టిగా అంది. దయ్యాల సినిమాలంటే పడని మనిషి చివరిదాకా కదల్లేదు.

ఇక ఇప్పటి జాంబీ సినిమాలన్నింటికీ మూలం 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968). జార్జ్ రొమేరో, ఆయన స్నేహితులు సుమారు 1,14,000 డాలర్లతో పెన్సిల్వేనియాలో తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా. రక్తం కోసం చాక్లెట్ సిరప్ వాడారు, నలుపు తెలుపుల్లో తేడా తెలియదు. ప్రింట్లలో కాపీరైట్ నోటీసు తప్పిపోవడంతో సినిమా ఎవరి హక్కులూ లేకుండా పోయింది. అందుకే ఈరోజు యూట్యూబ్‌లో చట్టబద్ధంగా, ఉచితంగా చూడొచ్చు. నేనూ అలాగే చూశాను.

ఒక పాత ఇంట్లో ఏడుగురు చిక్కుకుంటారు. బెన్ అనే నల్లజాతి యువకుడు కిటికీలకి చెక్కలు కొడుతుంటాడు. కూపర్ అనే తెల్లాయన కింద సెల్లార్‌లో దాక్కుందామని పట్టుబడతాడు. ఒక దశలో బెన్ బయటినుంచి తలుపు కొడుతుంటే కూపర్ తీయడు. అసలు ప్రమాదం బయట ఎంతుందో లోపలా అంతే ఉంది. బెన్ పాత్ర రాసినప్పుడు అతని జాతి గురించి రొమేరో ఆలోచించలేదు, ఆడిషన్‌లో డ్యువేన్ జోన్స్ బాగా చేశాడని తీసుకున్నాడు. కానీ అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపిన సంవత్సరంలోనే ఆ సినిమా విడుదలైంది. రాత్రంతా పోరాడి బతికిన బెన్ తెల్లవారాక కిటికీ దగ్గరికి వస్తాడు. జాంబీల వేటకి వచ్చిన తుపాకుల గుంపు, మనిషా కాదా అని కూడా చూడకుండా నుదుటి మీద కాల్చేస్తుంది. తర్వాత వచ్చేవి కదలని ఫోటోలే. ఇనుప కొక్కేలతో అతని శవాన్ని లాక్కెళ్లే ఫోటోలు, పాత పేపర్లో అచ్చయినట్టు గరుకుగా ఉంటాయి. ఏ సినిమా ముగింపూ నన్ను అంతగా కలచివేయలేదు.

'ట్రైన్ టు బుసాన్' చివర్లోనూ సొరంగం అవతల సైనికులు తుపాకులు ఎక్కుపెట్టే ఉంటారు. చీకట్లో వస్తున్నది మనుషులో కాదో తెలియదు, కాల్చేయమని ఆర్డర్ కూడా వస్తుంది. అప్పుడు ఆ పాప ఏడుస్తూ పాడే పాట వాళ్లకి వినిపిస్తుంది. స్కూల్లో తండ్రి రాలేదని మధ్యలో ఆపేసిన పాట అది. ఈ రెండు ముగింపులనీ పక్కపక్కన పెట్టి చూడమని ఎవరికైనా చెబుతాను.

జాంబీ అన్న ఊహ ఎక్కడిదో తెలుసుకోవాలంటే 'ఐ వాక్‌డ్ విత్ ఎ జాంబీ' (1943) చూడండి. కరీబియన్ దీవుల్లోని హైతీ చెరకు తోటల్లో బానిసలకి ఒక భయం ఉండేది, చచ్చాక కూడా ఈ చాకిరీ తప్పదేమోనని. దర్శకుడు జాక్ టూర్నర్ ఆ భయాన్ని మర్చిపోకుండా తీశాడు. రాత్రిపూట చెరకు తోటలో ఇద్దరు స్త్రీలు నడిచే సన్నివేశంలో గాలి చప్పుడే ఎక్కువ, మాటలుండవు. గంటకి కాస్త పైన, అంతే సినిమా.

'28 డేస్ లేటర్' (2002) మొదటి పావుగంట కోసమైనా చూడాలి. ఖాళీ లండన్ వీధుల్లో హాస్పిటల్ బట్టల్లో నడిచే కిలియన్ మర్ఫీ, చౌక డిజిటల్ కెమెరాతో తీసిన మసక బొమ్మ. లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రోడ్లు చూసినప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. రెండో సగం నాకు అంత నచ్చలేదు.

జపాన్ వాళ్ల 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) గురించి ఏమీ చదవకుండా చూడండి. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, కొన్నిచోట్ల నటన తేడాగా ఉందే అనిపిస్తుంది. దయచేసి ఆపేయకండి. దాదాపు 30 లక్షల యెన్‌లతో, పెద్దగా పేరులేని నటులతో తీసిన ఆ సినిమా చివరికొచ్చేసరికి, సినిమా తీసేవాళ్ల మీద ఎక్కడలేని గౌరవం పుడుతుంది.

తెలుగులో 'జాంబీ రెడ్డి' (2021) ఉంది. రాయలసీమ ఫ్యాక్షన్‌ని జాంబీలతో కలపాలన్న దర్శకుడు ప్రశాంత్ వర్మ ఆలోచన నాకు చాలా నచ్చింది. అది కామెడీ వైపు వెళ్లింది, సరదాగా ఉంటుంది. అదే నేపథ్యంలో, తరాల పగలున్న రెండు కుటుంబాలు ఒకే ఇంట్లో తలుపులు వేసుకుని రాత్రంతా ఉండాల్సొస్తే ఎలా ఉంటుందో సీరియస్‌గా ఎవరైనా తీస్తే మొదటి రోజే వెళ్తాను.

మీరు కొత్తగా మొదలుపెడుతుంటే ముందు 'ట్రైన్ టు బుసాన్', తర్వాత 1968 సినిమా చూడండి. చిన్నపిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టుకోవద్దు.