పాఠకుల ప్రశ్నలు: బడి భోజనం, పిల్లల ఆకలి

ప్రశ్న: మా బాబు రెండో తరగతి. బడిలో పెట్టే భోజనం సగం వదిలేస్తున్నాడు. పైగా వాడికి వేరుశెనగ పడదు. బడివారికి ఏం చెప్పాలి?

జవాబు: ముందు అలర్జీ సంగతి చూడండి. నోటిమాటగా చెప్పి ఊరుకోక, ఏ పదార్థం పడదో, తింటే ఏ లక్షణాలు కనిపిస్తాయో, అప్పుడు ఏ మందు ఇవ్వాలో డాక్టరు చేత రాయించి, తరగతి టీచరుకూ వంటగది బాధ్యులకూ చెరొక కాపీ ఇవ్వండి. పెదవులు వాచినా, ఊపిరి అందకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా అత్యవసర వైద్యసాయం కోరాలని అందులో స్పష్టంగా ఉండాలి. పక్కవారి కంచంలోది తినకూడదని బాబుకు నేర్పండి. ఈ వయసులో అన్నిటికన్నా కష్టమైనది అదే.

ఇక తిండి వదిలేయడానికి చాలాసార్లు ఆకలి లేకపోవడం కాదు, తీరిక లేకపోవడమే కారణం. వరుసలో నిలబడి చేతులు కడుక్కొని కూర్చునేసరికే విరామం చాలావరకు గడిచిపోతుంది, మిగిలిన కాసేపూ మనసంతా ఆటమీద ఉంటుంది. కాబట్టి "ఎందుకు తినలేదు?" అని నిలదీయక, ఎవరి పక్కన కూర్చున్నాడో, ఎప్పుడు లేచాడో అడగండి. కొత్త రుచి అలవాటు కావడానికి కొందరు పిల్లలకు 10 సార్లకు పైగా పడుతుంది. బలవంతపెడితే మరింత మొండికేస్తారు. బరువు తగ్గుతుంటే మాత్రం డాక్టరుకు చూపించండి.