ముందు జరిగింది రాయి

గుంటూరు, బ్రాడీపేట

ప్రియమైన చెల్లికి,

వందనాలు. వీబీఎస్ (వేసవి సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ క్లాసులు) పుస్తకానికి నువ్వు రాసిన బాప్తిస్మం పాఠం చదివాను. పైన "అయిదారేళ్ల పిల్లలకు" అని పెట్టావు. కింద మొదటి వాక్యమే "బాప్తిస్మం అంటే అంతరంగంలో జరిగిన మార్పుకు బాహ్య సూచన." దైవశాస్త్రం పరీక్షలో రాస్తే దీనికి మార్కులు పడతాయి. పిల్లలు మాత్రం ఆ వాక్యం పూర్తయ్యేలోపే పక్కవాడి చెప్పులు దాచేస్తారు.

ఆ వయసుకి అర్థం తర్వాత, ముందు జరిగింది చెప్పు. ఎవరు నీళ్లలోకి దిగారు, ఎవరు పట్టుకున్నారు, ఒడ్డున ఎవరున్నారు, పైకి లేచాక ఏం చేశారు. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినదానివి, నీ పాఠంలో ఏరే లేదు. తడిసి ఒంటికి అంటుకున్న తెల్లబట్టలు లేవు, ముక్కు మూసుకున్న చేతిరుమాలు లేదు, ఒడ్డున పాడే ఆడవాళ్లు లేరు, తువ్వాలు పట్టుకుని ఎదురుచూసే అమ్మమ్మ లేదు. పిల్లలు ముందు చూసేది ఆ తువ్వాలునే. మా గుంటూరు ఊళ్లో ఏరు లేదు కాబట్టి ఇక్కడివాళ్లకు గుడిలో తొట్టి, లేదంటే బస్సు కట్టుకుని సీతానగరం దాకా ప్రయాణం. ఆ ప్రయాణం ఒక్కటే మంచి కథవుతుంది.

పాస్టరుగారి చెయ్యి గురించి మాత్రం రెండు వాక్యాలు ఎక్కువే రాయి. ఘాట్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దని, బ్యారేజీ గేట్లు ఎత్తారంటే అటువైపే పోవద్దని మీ పిల్లలకు రోజూ చెబుతుంటారు. అలాంటి పిల్లాడికి ఒక పెద్దాయన వాళ్ల నాన్నను పట్టుకుని నీళ్లలో ముంచుతున్నాడని చదివితే గుండె ఝల్లుమనదా? వీపు కింద ఒక చెయ్యి ఉందని, ఊపిరి బిగపట్టినంతసేపట్లోనే పైకి లేపారని వాడికి తెలియాలి.

"పాపాలు కడిగేస్తుంది" అని పదేపదే వాడావు. బైబిల్లో ఉన్న మాటే, కాదనను. కానీ మా సండే స్కూల్ బుడ్డోడొకడు బాప్తిస్మాలు అయ్యాక తొట్టిలోకి తొంగిచూసి, "నీళ్లు నల్లగా అవలేదేంటి టీచర్?" అన్నాడు. వాడి తప్పు లేదు, కడగడమంటే వాడికి తెలిసిన పద్ధతి అదే. బైబిల్లో రోమా పత్రిక ఆరో అధ్యాయంలో క్రీస్తుతో కూడా పాతిపెట్టబడటం ఉంది చూశావా, దాన్నయితే పదేళ్లు దాటినవాళ్లకు ఉంచు. మొన్ననే తాతను సమాధి చేసి వచ్చిన పిల్ల నీ ముందు కూర్చుని ఉండొచ్చు.

మరి ఏం రాయాలంటావు. యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను నది దగ్గరికి పో. అందరూ బాప్తిస్మం పొందినప్పుడు యేసు కూడా పొందాడని, ఆ వెంటనే ప్రార్థన చేస్తున్నాడని లూకా రాశాడు. అంటే రేషన్ షాపు దగ్గర మనం నిలబడ్డట్టు జనంతోపాటు వరసలో నిలబడ్డాడన్నమాట. బాప్తిస్మం ఇస్తున్న యోహాను వద్దన్నాడు, నేనే నీ దగ్గర తీసుకోవాలి గదా అని మొహమాటపడ్డాడు. ఈ వాదులాట మత్తయిలో ఉంది, దాన్ని వదలకు. ఇద్దరు పెద్దవాళ్లు "నువ్వు ముందు, నువ్వు ముందు" అనుకుంటుంటే పిల్లలకు భలే సరదా. తర్వాత ఆకాశం నుంచి "ఈయనే నా ప్రియకుమారుడు" అన్న శబ్దం. అప్పటికి ఆయన రోగిని బాగుచేసింది లేదు, కొండమీద ప్రసంగం చేసింది లేదు. ఏ పనీ మొదలుపెట్టకముందే తండ్రి అందరూ వినేలా నా కొడుకు అన్నాడు. మార్కుల కోసం తిట్లు తినే పిల్లలకు ఈ ఒక్క సంగతి చాలు. దానికింద వివరణ రాయకు.

రెండోది నాకు ఇంకా ఇష్టం. అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయం, ఐతియొపీయ రాణి కందాకే ఖజానా చూసే అధికారి. ఎడారి దారి, రథం, చేతిలో యెషయా గ్రంథం, చదువుతున్నాడు గానీ అర్థం కాలేదు. సువార్తికుడు ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వచ్చి రథమెక్కాడు. దారిలో నీళ్లు కనిపించగానే అడిగింది ఫిలిప్పు కాదు, ఆ అధికారే: "ఇదిగో నీళ్లు, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమి?" బలవంతం లేని బాప్తిస్మం అది. చివర్లో సంతోషిస్తూ తన దారిన తాను పోయాడు. నువ్వూ అక్కడే ఆపు.

చరిత్ర కూడా పెడదామని రాశావు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి పెద్ద పిల్లలకు బావుంటుంది. అప్పుడు కూడా అంకెతో డప్పు కొట్టకు. ముందు సంవత్సరాల కరువు గురించి చెప్పు, తెలుగు బోధకులే వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారని చెప్పు.

ఇక సంఘాల గొడవ. లూథరన్ మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచీ ఇక్కడి లూథరన్లు ఒడిలో బిడ్డకే నీళ్లు పోస్తారు. బాప్టిస్టులు బిడ్డను దేవునికి ప్రతిష్ఠ చేసి, పెద్దయి తానే ఒప్పుకున్నాక ముంచుతారు. ఫిరంగిపురం క్యాథలిక్ పిల్లలకు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, కొవ్వొత్తి, తెల్లగుడ్డ తెలుసు. ఒక వీబీఎస్‌లో వీళ్లంతా ఒకే చాప మీద కూర్చుంటారు. "చిలకరిస్తే అది బాప్తిస్మం కాదు" అన్న నీ వాక్యం కొట్టేశాను. దాన్ని చదివిన పిల్ల ఇంటికెళ్లి నాయనమ్మతో తగువు పెట్టుకుంటుంది. ఏదో ఒక సంఘం పద్ధతినే ఎంచుకుని నిజాయితీగా రాయి, కలగాపులగం చెయ్యకు.

"మీరు తీసుకోకపోతే?" అనే ప్రశ్న పాఠం చివర పెట్టావే, అది నాకు అస్సలు నచ్చలేదు. భయపెట్టి నేర్పింది భయం పోగానే పోతుంది. సిలువ మీద దొంగ బాప్తిస్మం తీసుకోకుండానే పరదైసులో, అంటే స్వర్గంలో, ఉంటావన్న మాట పొందాడు. పైగా ఆ చాప మీద పాటల కోసం, బిస్కెట్ల కోసం వచ్చిన వీధి పిల్లలూ ఉంటారు. వాళ్ల ఇల్లు వాళ్లకు తక్కువగా అనిపించే వాక్యం మన పుస్తకంలో ఉండకూడదు.

కొత్త పేరు పెట్టే సన్నివేశం కూడా తీసెయ్యి. మనవైపు ఎంతమంది పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు ఉందో నీకు తెలియనిది కాదు. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. కాబట్టి సర్టిఫికెట్ గురించి పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం ఆ పిల్లలు వింటూనే పెరుగుతారు. ఆ పుండు కెలకడం మన పని కాదు. మనం పౌలు అని పిలిచే సౌలు కూడా బాప్తిస్మం రోజున పేరు మార్చుకున్నట్టు ఎక్కడా లేదు, పౌలు అన్న పేరు కొన్ని అధ్యాయాల తర్వాత గానీ కనబడదు.

భాష విషయంలో ఒకటే. కంఠత పట్టే వచనం బైబిల్లో ఉన్నట్టే ఉంచు. మిగతాదంతా మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో రాయి. నీ కథలో పిల్లాడు "మామయ్యా, ఎందుకు మునిగావు?" అంటే మామయ్య ఒక పేజీ ప్రసంగం చేశాడు. నిజం మామయ్య అయితే తల తుడుచుకుంటూ రెండు ముక్కలు చెప్పి, టిఫిన్ తిందాం పద అంటాడు.

తిరగరాసి నాకు పంపేముందు మీ వీధి పిల్లలకు గట్టిగా చదివి వినిపించు. ఎక్కడ వాళ్లు గోడకేసి చూశారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ కాగితమే పంపు, సాపు చెయ్యొద్దు. బొమ్మలు వేసే అబ్బాయికి యేసు మీదికి దిగిన పావురం ఎలాగూ వస్తుంది, తువ్వాలు మర్చిపోవద్దని చెప్పు. మే నెలలో క్లాసులంటే మార్చికల్లా ప్రెస్సుకి ఇవ్వాలి.

మీ అమ్మగారికి వందనాలు చెప్పు.

ఇట్లు,
మీ అక్క