ఎర్రర్ ఆంప్లిఫయర్‌ను ముట్టుకునే ముందు: అబ్బాయికి ఒక ఉత్తరం

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన సర్క్యూట్ బొమ్మను నిదానంగా చూశాను. 12 వోల్టులను 5 వోల్టులకు దించే బక్ రెగ్యులేటర్, 3 ఆంపియర్ల లోడు, 500 కిలోహెర్ట్జ్ స్విచింగ్, వోల్టేజ్ మోడ్ నియంత్రణ (అవుట్‌పుట్ వోల్టేజ్‌ను మాత్రమే చూసి సరిదిద్దే పద్ధతి); ఈ ఎంపికలో తప్పు పట్టవలసినదేమీ లేదు. లోడు మారినప్పుడల్లా అవుట్‌పుట్ ఊగుతున్నదనీ, అవుట్‌పుట్‌ను రిఫరెన్స్ వోల్టేజ్‌తో పోల్చి తేడాను పెంచే ఎర్రర్ ఆంప్లిఫయర్ చుట్టూ ఉన్న రెసిస్టర్లనూ కెపాసిటర్లనూ మార్చి మార్చి చూస్తున్నాననీ రాశావు. ఆ పని ఇక ఆపు. ఆ ఆంప్లిఫయర్ ఉన్నదే అవుట్‌పుట్ ఫిల్టరు (ఇండక్టరూ కెపాసిటర్లూ కలిసినది) పోగొట్టిన ఫేజ్‌ను, అంటే సిగ్నల్ వెనుకబడిన మేరను, తిరిగి సమకూర్చడానికి కాబట్టి, ఫిల్టరు అసలు స్థితి తేలేదాకా దాన్ని ముట్టుకోవడం వృథా శ్రమ.

నీ లెక్కలో 6.8 మైక్రోహెన్రీల ఇండక్టర్ ఒకటి, 22 మైక్రోఫారడ్‌ల సిరామిక్ కెపాసిటర్లు నాలుగు ఉన్నాయి. మొత్తం 88 మైక్రోఫారడ్‌లుగా తీసుకుని డబుల్ పోల్ (ఫిల్టరు గెయిన్ వేగంగా పడిపోవడం మొదలయ్యే ఫ్రీక్వెన్సీ) 6.5 కిలోహెర్ట్జ్ దగ్గర పడుతుందని రాసుకున్నావు. లెక్క సరిగానే ఉంది, అందులో వేసిన విలువే సరైనది కాదు. 6.3 వోల్టుల రేటింగు గల చిన్న సైజు సిరామిక్ కెపాసిటర్ మీద 5 వోల్టుల డీసీ నిలిచి ఉంటే దాని కెపాసిటెన్స్ సగానికీ, ఒక్కోసారి అంతకంటే కిందికీ పడిపోతుంది. నాలుగూ కలిసి 40 మాత్రమే ఇస్తున్నాయనుకో: డబుల్ పోల్ 9.7 కిలోహెర్ట్జ్‌కు జరుగుతుంది, దానికి బాగా పైనున్న ఫ్రీక్వెన్సీలలో లూప్ గెయిన్ (ఫీడ్‌బ్యాక్ వలయం చుట్టూ తిరిగితే వచ్చే మొత్తం గెయిన్) 2.2 రెట్లవుతుంది, నువ్వు 50 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టుకున్న క్రాసోవర్ (ఆ గెయిన్ ఒకటికి దిగే ఫ్రీక్వెన్సీ) 100 దరిదాపులకు జరిగిపోతుంది. అంటే దాదాపు స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో ఐదో వంతుకు చేరిందన్నమాట. కాగితం మీద 50 డిగ్రీలకు పైగా ఉన్న ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగిపోవడానికి ఇంకా మిగిలిన ఫేజ్ దూరం) అక్కడ 40 దరిదాపులకు దిగుతుంది, మాడ్యులేటర్ (ఆంప్లిఫయర్ వోల్టేజ్‌ను స్విచింగ్ పల్సులుగా మార్చే భాగం) ఆలస్యం అందులోంచి మరికొంత తినేస్తుంది. నీ ఆసిలోస్కోప్‌లో కనిపిస్తున్న ఊపుకు నేను మొదట అనుమానించేది దీన్నే.

కనుక డీసీ వోల్టేజ్‌కు కెపాసిటెన్స్ ఎంత తగ్గుతుందో చూపే, తయారీదారు ఇచ్చే డీసీ బయాస్ గ్రాఫును ఆ పార్ట్ నంబరుకే వెతికి తీసుకో. ఎలక్ట్రానిక్ విడిభాగాలు అమ్మే ఎస్.పి. రోడ్డుకు వెళ్లి 22 మైక్రోఫారడ్ కావాలని అడిగితే ఇస్తారు, కానీ పార్ట్ నంబరు తెలియని కెపాసిటర్‌కు గ్రాఫు ఎక్కడి నుంచి వస్తుంది? ప్రోటోటైపుకైనా సరే, నంబరు తెలిసినదే వాడు.

సిరామిక్ కెపాసిటర్ల ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) కొద్ది మిల్లీఓములే కాబట్టి, దాని వల్ల వచ్చే జీరో (ఫేజ్‌ను పెంచే బిందువు; పోల్ తగ్గిస్తుంది) క్రాసోవర్‌కు చాలా పైన ఉండిపోయి ఫేజ్‌కు ఏ సాయమూ చేయదు. అందుకే ఆంప్లిఫయర్ చుట్టూ రెండు జీరోలు పెట్టి ఫేజ్‌ను పెంచే టైప్ త్రీ కాంపెన్సేషన్‌ను నువ్వు ఎంచుకోవడం సబబే. డీన్ వెనబుల్ 1983లో ప్రతిపాదించిన కె ఫాక్టర్ పద్ధతితో విలువలు తేల్చుకోవచ్చు, అయితే ఫిల్టరు విలువ తప్పుగా ఇస్తే ఆ పద్ధతి తప్పు జవాబును కూడా అంతే చక్కగా ఇస్తుంది.

ఇక ఆంప్లిఫయర్ సంగతి. చాలామంది కొత్త ఇంజనీర్లు దాని గెయిన్ అనంతం అనుకుని రెసిస్టర్ల లెక్క చేస్తారు. నీ మాడ్యులేటర్ ర్యాంప్ 1 వోల్టు కాబట్టి, నీ లెక్క ప్రకారమే 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఆంప్లిఫయర్ 5 రెట్ల గెయిన్ ఇవ్వాలి. కాంపెన్సేషన్ పోల్స్ రెండింటినీ 250 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టావు గనుక అక్కడ 12 రెట్లకు పైగా కావాలి. గెయిన్ బ్యాండ్‌విడ్త్ (గెయిన్, ఫ్రీక్వెన్సీల లబ్ధం) 3 మెగాహెర్ట్జ్ ఉన్న ఆంప్లిఫయర్‌కు ఆ ఫ్రీక్వెన్సీలో ఫీడ్‌బ్యాక్ లేకుండా ఉన్నదే 12 రెట్లు. అడిగినదీ ఉన్నదీ సమానమైనప్పుడు నువ్వు గీసిన వక్రరేఖ రాదు, దానికి చాలా ముందు నుంచే ఫేజ్ జారుతుంది. 10 మెగాహెర్ట్జ్ ఉంటే 40 రెట్లు ఉంటాయి, అది నయం. డేటాషీట్‌లో ఈ అంకె కనీస విలువ ఇచ్చి ఉంటే దాన్నే తీసుకో, సాధారణ విలువను నమ్ముకోకు.

అవుట్‌పుట్ వోల్టేజ్ సవరించవలసి వస్తే అవుట్‌పుట్‌ను తగ్గించి ఫీడ్‌బ్యాక్ పిన్‌కు ఇచ్చే డివైడర్‌లో కింది రెసిస్టర్‌ను మాత్రమే మార్చు. ఎర్రర్ ఆంప్లిఫయర్ ఆప్ ఆంప్ అయితే ఫీడ్‌బ్యాక్ పిన్ ఏసీ పరంగా కదలదు కాబట్టి కింది రెసిస్టర్ లూప్ లెక్కలోకి రాదు. పైదాన్ని మార్చావంటే గెయినూ, ఆ రెసిస్టర్‌తో ముడిపడిన జీరో కూడా జరిగిపోతాయి. వోల్టేజ్ తేడాను కరెంటుగా ఇచ్చే ట్రాన్స్‌కండక్టెన్స్ ఆంప్లిఫయర్‌తో ఈ వెసులుబాటు ఉండదు, అక్కడ డివైడర్ నిష్పత్తి నేరుగా లూప్ గెయిన్‌లో చేరుతుంది.

ఊపు తగ్గించడానికి కాంప్ పిన్ (ఎర్రర్ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్) దగ్గర పెద్ద కెపాసిటర్ తగిలించమని ఎవరో చెప్పారని రాశావు. ఊపు ఆగవచ్చు, కానీ లూప్ మందగించి, లోడు ఒక్కసారిగా పెరిగినప్పుడు వోల్టేజ్ బాగా లోతుకు పడి ఆలస్యంగా కోలుకుంటుంది. నాకు ఆ వైద్యం నచ్చదు.

చివరికి కొలిచి చూడాలి. అవుట్‌పుట్‌కూ డివైడర్ పైకొసకూ మధ్య 20 ఓముల రెసిస్టర్ పెట్టి, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా దాని మీద చిన్న సిగ్నల్ ప్రవేశపెట్టి, రెండు వైపులా కొలిస్తే లూప్ గెయిన్ తెలుస్తుంది. సిగ్నల్‌ను సగం చేసి మళ్లీ కొలువు; గ్రాఫు మారితే మొదటి సిగ్నల్ ఎక్కువైనట్టు. లోడ్ స్టెప్ పరీక్షకు ఎలక్ట్రానిక్ లోడు ఎంత వేగంగా మారుతుందో చూసుకో, మందంగా మారితే లూప్ లోపం బయటపడదు. లోడును వేగంగా మార్చడానికి స్విచ్చుగా ఒక మాస్‌ఫెట్, దానితో ఒక రెసిస్టర్ చాలు. బెంగళూరు చల్లదనంలో బల్ల మీద నిలిచిన బోర్డు, అనంతపురం ఎండలో మూసిన పెట్టెలో కూడా నిలవాలి కాబట్టి వేడిలోనూ చలిలోనూ, ఇన్‌పుట్ కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా కొలువు. ఫీడ్ ఫార్వర్డ్ (ఇన్‌పుట్ మార్పును ర్యాంప్‌లోనే సరిదిద్దే ఏర్పాటు) లేని చిప్‌లో ఇన్‌పుట్ పెరిగితే లూప్ గెయిన్ కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది.

ఫేజ్ మార్జిన్ ఎక్కడా 45 డిగ్రీలకు తగ్గకుండా వచ్చిన తర్వాతే లేఅవుట్ ఖాయం చేయి. ముందుగా ఆ కెపాసిటర్ గ్రాఫును, ఇప్పుడున్న బోర్డు మీద కొలిచిన లూప్ గ్రాఫును నాకు పంపు.

ఇట్లు,
మీ బాబాయి