రిపోర్టు ఎట్లా ఇస్తావు బిడ్డా?

బిడ్డా,

నీకు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని, తలసేమియా అనే రక్తం జబ్బు జీన్ల మీద పని చేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన దేవరకొండ పిల్ల అంత పెద్ద ల్యాబ్‌లో అడుగు పెడుతుందంటే సంతోషంతో వాడకట్టంతా చెప్పుకొచ్చాను. శాంపిళ్ల కోసం ఊళ్లు తిరుగుతావని విన్నప్పటి నుంచి మాత్రం టెన్షన్ పట్టుకుంది.

రక్తం తీయడం వాళ్లే నేర్పిస్తారు. ఊదా మూత ట్యూబును మెల్లగా తిప్పు, గట్టిగా ఊపకు. పేరు, నంబరు ఆ మనిషి ఎదురుగానే రాయి. ఐస్ బాక్సు మర్చిపోకు.

నేను ఏఎన్ఎంగా ఉన్న రోజుల్లో బయటి నుంచి ఒక టీమ్ మా సబ్‌సెంటర్ ఊరికి వచ్చి, తలసేమియా పరీక్షకని బడి పిల్లల రక్తం తీసుకుపోయింది. కొన్ని నెలలకు రిపోర్టులు తెచ్చి, బడి వరండాలో పేర్లు పిలిచి మరీ పంచారు. క్యారియర్ అని వచ్చిన పిల్లల్ని పక్కన నిలబెట్టారు. అందులో పదో తరగతి పిల్ల ఒకతి ఉంది. క్యారియర్ అంటే ఏందో ఎవరూ విడమరిచి చెప్పలేదు. పొద్దుగూకేసరికి ఆ పిల్లకు రక్తం రోగమని ఊరంతా పాకింది. తర్వాత మేనబావతో అనుకున్న సంబంధం తప్పిపోయింది. ఆ పిల్లకు ఏ రోగమూ లేదు బిడ్డా! జీన్ ఒక కాపీ చెడినా రెండోది మంచిదే, మహా అయితే రక్తం కాస్త తక్కువుంటుంది. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితేనే, ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే ప్రమాదం. అంటే ఆ పిల్లగాడికీ పరీక్ష చేస్తే తేలిపోయేది. ఈ మాట చెప్పడానికి రెండిళ్లకూ తిరిగాను. పిల్ల తల్లి మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టి, అంతా విని, "మరి మా పిల్లను అందరి ముందల ఎందుకు నిలబెట్టిన్రమ్మా?" అని అడిగేది. ఆమె అడిగినదాంట్లో తప్పేముంది?

రిపోర్టు ఎవరిది వాళ్లకే, వాళ్లింట్లోనే ఇవ్వు. కూర్చుని చెప్పు, మళ్లీ అడిగితే మళ్లీ చెప్పు. నీ పరిశోధన పేపర్లో తండా పేరు, ఊరి పేరు రాయకు. ఫలానా వాళ్ల రక్తమే చెడ్డదనే మాట ఒకసారి పుడితే ఆడపిల్లల మీదే పడుతుంది. వేలిముద్ర వేశారు కదా, ఒప్పుకున్నట్టే అనుకోకు. అమెరికాలో హవసుపాయి అనే ఆదివాసులు 1990ల్లో షుగర్ జబ్బు పరిశోధన అనుకుని రక్తం ఇస్తే, దాన్ని మానసిక జబ్బుల మీద, వాళ్ల పూర్వీకుల వలసల మీద చదువులకూ వాడారు. కోర్టు దాకా పోయింది. 2010లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ రాజీకొచ్చి 7 లక్షల డాలర్లు కట్టింది, మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేసింది. దేనికి తీసుకుంటున్నావో దానికే వాడు. వేరే పనికి కావాలంటే మళ్లీ పోయి అడుగు.

నువ్వు చేసేది చిన్న పని కాదని నాకు తెలుసు. 2023 నవంబర్‌లో బ్రిటన్ కాస్‌జెవీ అనే తలసేమియా చికిత్సకు అనుమతి ఇచ్చిందని చదివి ఏడ్చేశాను. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకుండే హిమోగ్లోబిన్‌ను పుట్టాక బీసీఎల్11ఏ అనే జీన్ ఆపేస్తుందట. రోగి ఒంట్లో రక్తం తయారుచేసే మూలకణాలు బయటికి తీసి, జీన్లను కత్తిరించి మార్చే క్రిస్పర్‌తో ఆ జీన్ జోరు తగ్గించి, మళ్లీ ఎక్కిస్తే పాత హిమోగ్లోబిన్ తయారవుతుంది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. నెలనెలా రక్తం ఎక్కించడానికి పిల్లను చంకనేసుకుని బస్సెక్కే తల్లులను నేను చూశాను. ఆ ధర దించే పని నీ చేతిలో ఏ కొంచెమున్నా వదలకు బిడ్డా.

ఏ ఊరికి పోయినా ముందు అక్కడి ఏఎన్ఎంతో, ఆశా వర్కర్‌తో మాట్లాడు. మన వైపు వస్తే నాకు ఫోన్ చెయ్, మొదటిరోజు నేను వెంట ఉంటాను. ఖాళీ కడుపుతో ఎండలో తిరగకు. పైలం.

మీ పెద్దమ్మ